మిల్లు దాకా సరే: నెల రోజులు ప్యాకెట్ లేని తిండి తినడం ఎలా

ముందు గీత ఎక్కడ గీయాలో తేల్చుకోండి. "ప్రాసెస్ చేసింది ఏదీ తినను" అని ఇంట్లో ప్రకటించగానే ఎవరో ఒకరు అడ్డం తగులుతారు. బియ్యం మిల్లాడించినవే కదా, పెరుగు తోడేసిందే కదా, మరి ఆవకాయ మాటేమిటి అంటారు. వాళ్ళు అడిగేది న్యాయమే. జామకాయ కోసుకు తిన్నంత సులువుగా దొరికే తిండి తక్కువ, మిగతా అన్నిటికీ ఎవరో ఒకరు ఏదో ఒక పని చెయ్యాల్సిందే.

బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో మొదలుపెట్టిన నోవా వర్గీకరణ తిండిని నాలుగు గుంపులు చేస్తుంది. గింజలు, కూరగాయలు, పాలు, గుడ్లు, చేపలు ఒకటో గుంపు. నూనె, ఉప్పు, బెల్లం లాంటి వంట సరుకులు రెండోది. ఊరగాయలు, ఎండుచేపలు మూడోది. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, చిప్స్, రెండు నిమిషాల నూడుల్స్ నాలుగోది. మనం పూర్తిగా మానేసేది ఈ నాలుగోదాన్ని. దానికి మైదా, పంచదార, రిఫైన్డ్ నూనె కూడా కలపండి.

ఇదంతా గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ఒక్క లెక్క చాలు. గింజలు పట్టుకెళ్ళి పిండి తెచ్చుకోగలరా? నువ్వులిచ్చి నూనె తెచ్చుకోగలరా? ఇంట్లో తోడేస్తే తోడుకుంటుందా? అయితే తినొచ్చు. శ్రీకాకుళంలోగానీ విజయనగరంలోగానీ ఏ మిల్లు ముందు ఎంతసేపు నిలబడినా మీ కళ్ళ ముందు తయారు కానిదైతే వద్దు.

ఈ లెక్కకు లొంగనివి నాలుగైదు ఉంటాయి. వాటి సంగతి ఇప్పుడే తేల్చేసుకోండి, లేకపోతే రోజూ వాదనే.

టీపొడి ఎండిన ఆకే కాబట్టి ఉండనివ్వండి, దాంట్లో వేసే పంచదారతోనే పేచీ. ప్యాకెట్ పాలు కాచి చల్లార్చినవే, పనికొస్తాయి. ఇడ్లీ రవ్వ, అటుకులు, మూరీలు అంటే మరమరాలు సరే. ఇంగువ పొడి కొనేటప్పుడు మాత్రం చూసుకోండి. చిన్న డబ్బాల్లో దొరికే పొడిలో ఇంగువ కంటే మైదా, జిగురే ఎక్కువ. ముద్ద ఇంగువలోనూ పిండి కలిపిందే ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి డబ్బా మీద రాసింది చదివే కొనండి.

ఇక ఉప్పు. నౌపడ ఉప్పు మడులు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి కదా అని మడిలోంచి ఎత్తిన రాళ్ళ ఉప్పు తెచ్చి వాడబోతారు కొందరు. ఈ ఒక్కదాంట్లో ప్యాకెట్టే మేలు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడండి, రాళ్ళ ఉప్పే కావాలనుకుంటే అందులోనూ అయోడిన్ కలిపింది దొరుకుతుంది. గంటెలు, అంటే సజ్జలు, ఎక్కువగా తినేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వాటిలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ పనికి అడ్డుపడతాయి, అయోడిన్ తక్కువైతే ఆ ఇబ్బంది ముదురుతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. ఆవకాయ, ఎండుచేపల్లో ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

మొదలుపెట్టే ముందు

ఉద్దానం వైపు వాళ్ళు, ఇంకెక్కడివారైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఈ పని సొంతంగా తలపెట్టకండి. మంచి తిండి అని మనం చెప్పుకునే కొబ్బరినీళ్ళు, అరటిపండు, ఆకుకూరలు, బెల్లం, చింతపండు, పప్పులు అన్నిటిలోనూ పొటాషియం ఉంటుంది. కిడ్నీ సరిగా పనిచెయ్యనప్పుడు అది ఒంట్లో పేరుకుని గుండె మీదికొస్తుంది. మీ డాక్టరు రాసిచ్చిన తిండి పట్టికే మీకు ప్రమాణం.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మొదటి రెండు వారాలు మీటరుతో తరచుగా చూసుకోండి. బిస్కెట్లు, తీపి టీ ఒక్కసారిగా మానేస్తే అదే మోతాదు మందుకు షుగర్ మరీ పడిపోవచ్చు. చోళ్ళు, అంటే రాగులు, తింటే షుగర్ పెరగదన్న ధీమా కూడా వద్దు. మెత్తటి పిండితో కాచిన జావ తొందరగా అరుగుతుంది.

ఏ నెల ఎంచుకోవాలి? విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను రోజుల్లో మొదలుపెడితే మూడో రోజుకే చుట్టాలింట్లో ప్లేటు నిండా మిఠాయిలుంటాయి. పుష్య మాసంలో సంక్రాంతి. నిజానికి ఇంట్లో కొత్తబియ్యం, బెల్లం, నువ్వులతో వండిన అరిసె మన లెక్క ప్రకారం తప్పేమీ కాదు, నూనె ఒక్కటీ గానుగది అయితే చాలు. తప్పు కాదు కదా అని రోజుకు ఎనిమిది తినేస్తామన్నదే భయం. కార్తీకం బాగా కుదురుతుంది. సరిగ్గా నెల, ఎలాగూ ఇంట్లో ఎవరో ఒకరు నియమంలో ఉంటారు, కూరగాయలు లేతగా వస్తాయి, వనభోజనాల్లో కూడా వండిందే పెడతారు.

అల్మరా ఖాళీ చెయ్యడం

ఒక ఆదివారం గంట కేటాయించి ప్యాకెట్లన్నీ బయట పెట్టి వెనక వైపు చదవండి. మన దేశంలో పదార్థాల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా రాయాలి. రాగి బిస్కెట్ అని ముందువైపు పెద్దక్షరాల్లో ఉంటుంది. వెనక్కి తిప్పితే చాలాసార్లు మొదట కనిపించేది రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, అంటే మైదా. తర్వాత పంచదార, పామోలిన్. రాగులు ఎక్కడో కింద, నూటికి ఇంత అని రాసి ఉంటాయి. తిండిలో కలిపే పదార్థాలకు గుర్తుగా వేసే ఐఎన్‌ఎస్ అంకెల్లో కొన్ని గుర్తుపెట్టుకుంటే పని తొందరగా అవుతుంది. 211 అంటే సోడియం బెంజోయేట్, కొన్న పచ్చళ్ళలో, సాసుల్లో ఉంటుంది. 319 నూనె కనరెక్కకుండా వేసే టీబీహెచ్‌క్యూ. 621 అజినోమోటో. 102, 110 పసుపు, నారింజ రంగులు. ఇవన్నీ విషాలని కాదు. మన వంటింట్లో లేని సరుకు ఆ ప్యాకెట్లో ఉందని చెప్పే ఆనవాళ్ళు, అంతే.

తీసేసినవి పారెయ్యక్కర్లేదు. ఇంట్లో మిగతావాళ్ళు నియమంలో లేకపోతే ఒక డబ్బాలో సర్ది వాళ్ళ గదిలో పెట్టండి. వంటింట్లో మీ కంటికి ఎదురుగా మాత్రం ఉంచొద్దు.

ఒక మనిషికి నెల సరుకులు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల తిండిలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, గింజలు 35, నూనె 27 గ్రాములు ఉండాలి. దాన్నే నెలకు లెక్కకట్టి మన సరుకుల్లోకి మార్చుకుంటే సుమారుగా ఇలా వస్తుంది:

ముడి బియ్యం లేదా సింగిల్ పాలిష్ బియ్యం 4 కిలోలు, చోళ్ళు ఒకటిన్నర, సామలు లేదా కొర్రలు ఒకటిన్నర, గంటెలు అర కిలో. కందిపప్పు కిలో, పొట్టు మినప్పప్పు, పెసలు, ఉలవలు తలా అర కిలో. వేరుశనగ గుళ్ళు 600 గ్రాములు, నువ్వులు పావు కిలో, జీడిపప్పు 200 గ్రాములు. పలాస పప్పులో ముక్కలు కొన్నా గుళ్ళు కొన్నా తిండికి ఒకటే, ధరలోనే తేడా. నూనె 900 మిల్లీలీటర్లు. చింతపండు, ఎండుమిర్చి, ఆవాలు, పసుపు కొమ్ములు మామూలుగా. చింతపండు, తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో దొరుకుతాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సంతకు వెళ్ళే వీలుంటే చోళ్ళు, సామలు కూడా అక్కడే కొనండి.

బెల్లం నెలకు అర కిలోకు మించి తేవొద్దు. రోజుకు 15 గ్రాములు పైచిలుకు పడుతుంది. పంచదార బదులు బెల్లం వాడుతున్నాం కదా అని చెయ్యి జారనివ్వకండి, ఒంటికి అది కూడా పంచదార లెక్కే. కొనేటప్పుడు బంగారంలా మెరిసే పచ్చటి దిమ్మ ఎంచుకోకండి. ఆ రంగు హైడ్రోస్ అనే రసాయనం వేసి తెప్పించింది కావచ్చు. ముదురు గోధుమ రంగు దిమ్మ తెచ్చి, వాడే ముందు నీళ్ళలో కరిగించి వడగట్టండి. అడుగున ఇసుక, పిప్పి మిగలడం మామూలే.

ముడి బియ్యం నాలుగు కిలోలకు మించి ఒకేసారి కొనకండి. పైపొర తవుడులో నూనె ఉంటుంది. మన తీరం గాలి తేమకు అది రెండో నెలలోనే కనరు వాసనేస్తుంది, ముక్కపురుగు కూడా తెల్లబియ్యం కంటే ముందు దీన్నే పడుతుంది.

మిల్లు పని

చోళ్ళు తెచ్చిన రోజే పట్టించకండి. చేటతో చెరిగి, మూడు నీళ్ళు పోసి కడగండి. చోడి గింజంత సైజులోనే మట్టి ఉండలుంటాయి. చేటలో కనిపించవు గానీ నీళ్ళలో కరిగి రంగొస్తుంది. ఒక రోజంతా ఎండలో పల్చగా ఆరబెట్టాలి. పంటికింద వేసి కొరికితే టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టే.

మిల్లులో మీ ముందు ఎవరు ఏం పట్టించారో చూడండి. కారం పట్టించాక మీ చోళ్ళు పోస్తే మొదటి అర కిలో అంబలిలో పనికిరాదు. బియ్యప్పిండి తర్వాత వంతు దొరికితే ఇబ్బంది లేదు. పొద్దున్నే వెళ్తే ఈ గొడవ తక్కువ.

పిండి మిల్లులోంచి చెయ్యి కాలేంత వేడిగా వస్తుంది. నెలకు సరిపడా తెచ్చిన పిండి పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. సంచితో తెచ్చి వేడిగానే డబ్బాలో పోసి మూత పెట్టేస్తారు. లోపల ఆవిరి చేరి మూత కింద చుక్కలు పడతాయి, పది రోజులకు పిండి గడ్డలు కట్టి పురుగు పడుతుంది. ఇంటికి రాగానే పాత చీర మీదో నేత దుప్పటి మీదో నీడన పరచండి. అరచెయ్యి లోపలికి పెట్టినా వెచ్చదనం తగలకూడదు. అప్పుడు జల్లించి, పొడి డబ్బాలో పొయ్యండి. చోడిపిండి ఇలా నెల నిలవుంటుంది.

గంటెపిండి అలా కాదు. గంటెల్లో నూనె శాతం ఎక్కువ, పిండి చేశాక వారం పది రోజులకే చేదెక్కుతుంది. అందుకే మిల్లుకు పట్టుకెళ్ళొద్దు, కావాల్సినప్పుడు గుప్పెడు గింజలు మిక్సీలో వేసుకోండి.

గానుగ

నువ్వులు అయితే రెండున్నర కిలోలకు సుమారు లీటరు నూనె వస్తుంది. పంట, ఎండు, గానుగ తీరును బట్టి కొంచెం అటూ ఇటూ. ఒక్క మనిషి నువ్వులతో వాయి నిండదు, మూడు నాలుగిళ్ళు కలిసి వెళ్ళండి. వాయికి కనీసం ఎన్ని కిలోలు కావాలో, మధ్యలో బెల్లం ముక్క వేస్తారో లేదో ముందే అడగండి.

వేరుశనగ ఆడించేవాళ్ళు గుళ్ళు ఒక్కొక్కటీ చూసి ఏరాలి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు వాసనేసేవి ఉంటే పక్కన పెట్టేయండి. ఆ బూజులో ఉండే అఫ్లాటాక్సిన్ కాలేయానికి చేటు. ఫ్యాక్టరీలో శుద్ధి చేసేటప్పుడు చాలావరకు పోయే ఈ విషం గానుగలో పోదు, నేరుగా నూనెలోకి వచ్చేస్తుంది. గానుగ నూనె గొప్పదనం గింజ శుభ్రంగా ఉన్నంతవరకే.

నూనె మబ్బుగా వస్తుంది. స్టీలు క్యానులో మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచి పైన తేటను గాజు సీసాలోకి వంపండి. తడి గరిటె ముంచకండి. మొదటిసారి వేపుడు చేసినప్పుడు బాణలిలో నురగ పొంగితే కల్తీ అనుకోవద్దు, శుద్ధి చెయ్యని నూనె గుణమే అది. సగం వరకే నూనె పోసి మంట తగ్గించండి.

గానుగ దగ్గర తెలకపిండి వదిలి రాకండి. ఉల్లిపాయ, ఎండుమిర్చి తాలింపులో రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, గ్లాసు తెలకపిండి, గుప్పెడు మునగాకు వేసి దగ్గరపడేదాకా ఉడికిస్తే పొడిపొడిగా మంచి కూర అవుతుంది. పశువుల దాణా కోసం అమ్మేది మాత్రం వాడొద్దు, నూనెను రసాయనంతో లాగేసిన పిండి కావచ్చు.

పొద్దున్న అంబలి

కొలత ఇది. రాత్రి నాలుగు టేబుల్‌స్పూన్ల చోడిపిండిని గ్లాసు నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి మూతపెట్టండి. వేసవిలో ఏడెనిమిది గంటలకే పులుస్తుంది, అంతకు మించితే నోట పెట్టలేరు. చలికాలంలో పన్నెండు గంటలు పట్టొచ్చు. పొద్దున్న మూడు గ్లాసుల నీళ్ళలో గుప్పెడు బియ్యపు నూక ఉడికించండి. నూక మెత్తబడ్డాక మంట తగ్గించి, పులిసిన పిండిని ఒక చేత్తో పోస్తూ రెండో చేత్తో తిప్పుతూ ఉండండి. ఎనిమిది నుంచి పది నిమిషాలు. చెయ్యి తడి చేసుకుని పైన తాకితే అంటుకోకూడదు, అంటుకుంటే ఇంకా పచ్చి. దించి, గోరువెచ్చగా అయ్యాక ఉప్పు, గ్లాసు మజ్జిగ కలపండి. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి. ముందురోజు ఆవకాయ టెంక మిగిలి ఉంటే అడ్డేముంది.

పొడి పిండిని మరిగే నీళ్ళలో వేసేవాళ్ళకే ఉండలు కడతాయి. చోళ్ళతో ఇంత శ్రమ ఎందుకంటే 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది నామమాత్రం. వారంలో నాలుగు రోజులు అంబలి, రెండు రోజులు ఇడ్లీ లేదా పెసరట్టు, ఒక రోజు సల్దన్నం. అంబలి తాగాక పదకొండుకే ఆకలేస్తే వేయించిన వేరుశనగ గుళ్ళు గుప్పెడు చాలు.

మధ్యాహ్నం, రాత్రి

ముడి బియ్యం గంటకు తక్కువ కాకుండా నానాలి. గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి, మొదటి కూత వచ్చాక సన్న సెగమీద పావుగంట ఉంచండి. మొదటి వారం అలవాటుకని తెల్లబియ్యంతో కలిపి వండితే ఒకటి ముద్దవుతుంది, రెండోది పలుకుగా ఉంటుంది. విడిగా వండి కంచంలో కలుపుకోండి. సామలు, కొర్రలు రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు. వీటితో ఉప్మా కూడా బొంబాయి రవ్వ గుర్తుకురానంత బాగా వస్తుంది.

కూరలకు కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. ఆవ పెట్టిన అరటికాయ, గోంగూర పప్పు, బెండకాయ పులుసు, నువ్వుపొడి జల్లిన కాకరకాయ, ఇవన్నీ మన నియమంలో ఉన్నవే. చేపలు భావనపాడు, కళింగపట్నం, కోనాడ వైపునుంచి వచ్చిన పచ్చివి పులుసు పెట్టండి. ఎండుచేప వారానికోసారి, అదీ వేడినీళ్ళలో అరగంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోశాక.

సాయంత్రం ఐదు

నియమం తప్పేది భోజనం దగ్గర కాదు, ఈ గంటలోనే. ఆఫీసులో టీ వస్తుంది, పక్కనే బిస్కెట్టు. బయటికొస్తే బజ్జీల బండి. ఆ పూటకు ఏం తినాలో పొద్దున్నే సిద్ధం చేసి సంచిలో పెట్టుకోవాలి, అప్పటికప్పుడు ఆలోచిస్తే బండే గెలుస్తుంది.

ఉలవ గుగ్గిళ్ళు దీనికి తిరుగులేనివి. పావు కిలో ఉలవలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో ఏడెనిమిది కూతలు రానివ్వండి. వంపిన కట్టు చారుకు ఉంచి, గింజలకు ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పెట్టండి. రెండు రోజులకు వస్తాయి. కాలాన్ని బట్టి ఉడికించిన వేరుశనగ కాయలు, చిలగడదుంపలు, శీతాకాలంలో తేగలు, వేసవిలో ముంజలు, పనస తొనలు.

బండి దగ్గర ఆగక తప్పకపోతే ముంత మసాలా చేయించుకోండి. మూరీలు, ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్ళు, నిమ్మకాయ వరకు మనవే. మిక్చరు వేసేలోపే వద్దని చెప్పాలి, వాళ్ళ చెయ్యి మహా వేగం. మిరపకాయ బజ్జీలో ఉన్నది శనగపిండే గానీ నూనె పొద్దున్నుంచీ కాగుతున్నది. మైసూరు బజ్జీ సరాసరి మైదా.

టీలో పంచదార రెండు చెంచాలు వేసుకునేవాళ్ళు ఒక్కరోజులో మానకండి, కొందరికి తలనొప్పి, చిరాకు వచ్చి టీతోపాటు నియమం కూడా పోతుంది. నాలుగు రోజులకు అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. బెల్లం టీ కావాలంటే పొయ్యి మీంచి దించాక కలపండి, లేకపోతే పాలు విరుగుతాయి.

ప్రయాణాలు, పెళ్ళిళ్ళు

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరైనా, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దగ్గరైనా ఇడ్లీ, పెసరట్టు, ఉడికించిన గుడ్డు, అరటిపండు దొరుకుతాయి. పూరీ, పరోటా జోలికి పోకండి. పెళ్ళిలో అన్నం, పప్పు, కూర, పెరుగు తిని లేవండి. రిఫైన్డ్ నూనె వాడారా అని వంటవాణ్ణి ఆరా తీయకండి. నూటికి తొంభై పూటలు ఇంట్లో కుదిరితే మిగిలిన పది మిమ్మల్నేమీ చెయ్యవు.

మొదటి వారంలో కడుపుబ్బరం రావచ్చు. పీచు ఒక్కసారిగా పెరగడమే కారణం. రోజుకు ఒక్క పూట ముడి బియ్యం, రెండో వారం రెండు పూటలు, ఇలా పెంచండి. ఉలవలు నానబెట్టిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికించండి. నీళ్ళు ఇంకో నాలుగు గ్లాసులు ఎక్కువ తాగండి. వారం దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

వారం చివర అరపూట ఈ పనులకే ఉంచుకోండి. చోళ్ళ డబ్బా సగానికి దిగితే కడిగి ఆరబెట్టడం, ఇడ్లీపిండి రుబ్బడం, నువ్వుపొడి కొట్టడం, ఉలవలు నానబెట్టడం. మూడో వారంలో ఈ అరపూట చేజారితే నాలుగో వారం ప్యాకెట్ మళ్ళీ వంటింట్లోకి వస్తుంది. వర్షం పట్టి చోళ్ళు ఆరకపోతే అంబలి ఆపేసి ఆ నాలుగు రోజులూ సామల మీద నడిపించండి, తడి గింజను మాత్రం మిల్లులో పొయ్యకండి.